వంతెన దాటాక మీరు

గ్రీకులో మర్యాదకి వేరే మాట లేదని నాకు మొదట చెప్పింది ఒక రిటైరైన పాస్టరుగారు. ఎదురుగా ఒక్క మనిషే ఉంటే ‘నువ్వు’. ఆ మనిషి రాజైనా నువ్వే, బానిసైనా నువ్వే, చదువు చెప్పిన గురువైనా నువ్వే. ‘మీరు’ అనే మాట ఉందిట గానీ అది ఎదురుగా నలుగురుంటేనే వాడతారట. నాకు భలే నవ్వొచ్చింది. ఆ భాష తెచ్చి బెజవాడ బస్టాండులో మాట్లాడితే సాయంత్రానికి మూతిపళ్ళు రాలతాయి కదండీ అన్నాను. ఆయన కూడా నవ్వారు. ఆ మాటకి అంత నవ్విన దాన్ని, తర్వాత అదే మాట పట్టుకుని ఇన్నేళ్ళు ఏడుస్తానని ఎవరనుకుంటారు!

డెబ్బైల మొదట్లో, ఆందోళనలతో మూతబడ్డ కాలేజీలు మళ్ళీ తెరుచుకున్న రోజుల్లో, నేను యూనివర్సిటీ పీజీ సెంటర్లో వృక్షశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్‌ని. ఇల్లు బెజవాడ. పొద్దున్నే బస్సెక్కి కృష్ణ దాటి మంగళగిరి మీదుగా వెళ్ళడం, సాయంత్రం ఒళ్ళంతా ఫార్మలిన్ వాసనతో అదే దారిన తిరిగి రావడం. ఇంట్లో అమ్మా, అన్నయ్యా, వదినా. వాళ్ళు సంబంధాలు చూడడం, నేను వంకలు పెట్టడం అనే కార్యక్రమం అప్పటికే చాలాకాలంగా నడుస్తోంది. నేను నోరున్న మనిషినని మా చుట్టాల్లో పేరు. ఆ పేరు అబద్ధమేమీ కాదు.

మా సెంటర్లో తత్వశాస్త్రానికి ఒక రీడరుగారు ఉండేవారు. ఆయనకి విద్యార్థులు తక్కువ. ఉన్నవాళ్ళు కూడా ఆయన క్లాసులో కూర్చుని బ్యాంకు పరీక్షలకి చదువుకునేవాళ్ళు. పాపం ఆ బాధలో ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఒకరోజు స్టాఫ్ రూముకి వచ్చి అందరినీ ఉద్దేశించి చిన్న ఉపన్యాసం ఇచ్చారు.

“ఆ కాలం గ్రీకువాళ్ళకి లెక్కలు వేరు, మొక్కలు వేరు, వైద్యం వేరు, నీతి వేరు అని లేదండీ. అన్నీ ఒకే అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నవే. మనమే గదులు కట్టుకుని తలుపులకి బోర్డులు తగిలించాం. అన్ని డిపార్టుమెంట్ల వాళ్ళం ఒకచోట కూర్చుని చదువుదాం. ఒక్క సంభాషణైనా మూలం నుంచి తెలుగులో పెడదాం.”

మొదటి సమావేశానికి చాలామంది వచ్చారు. కాఫీ బాగుందన్నారు. రెండోదానికి రాలేదు. చివరికి మిగిలింది రీడరుగారు, ఉర్దూ చెప్పే లెక్చరరుగారు, లెక్కల డిపార్టుమెంటులో టెంపరరీగా చేరిన ఒక లెక్చరరు, నేను. గ్రీకు మాలో ఎవరికీ రాదు. రీడరుగారు ఎక్కడెక్కడో వాకబు చేసి, సువార్తని మూలంలో చదవడం కోసం సెమినరీలో గ్రీకు నేర్చుకున్న ఆ పాస్టరుగారిని పట్టుకున్నారు. చర్చి వాళ్ళంతా ఆయన్ని అయ్యగారు అనేవారు. మేమూ అలాగే పిలిచాం.

అయ్యగారి ఇల్లు బెజవాడలో కాలవ గట్టు మీద. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేరు. అందుకని శనివారం మధ్యాహ్నాలు మేమే ఆయన వరండాలో చేరేవాళ్ళం. చదవడానికి రీడరుగారు ఎంచుకున్నది, మరణశిక్ష పడ్డ ఒక ముసలి గురువు ఖైదులో తన చివరి రోజున శిష్యులతో మాట్లాడిన మాటలు. సాయంత్రం విషం తాగాలి. ఈలోగా, మనిషి పోయాక ఏదైనా మిగులుతుందా అని వాళ్ళు తీరిగ్గా చర్చించుకుంటారు. మా ఇంట్లో ఎవరైనా అలాంటి రోజున అలా మాట్లాడితే, ముందు ఆ కబుర్లు ఆపి లాయర్ని పిలవరా అని అమ్మ కేకలేసేది.

పద్ధతి ఏమిటంటే, అయ్యగారు ఒక వాక్యం గ్రీకులో చదివి మాట మాటకీ అర్థం చెబుతారు. అందులో ఎవరి శాస్త్రానికి పని తగిలితే వాళ్ళు మాట్లాడతారు. రీడరుగారు తెలుగు వాక్యం కడతారు. చివర్లో ఆ రోజు తయారైన భాగాన్ని వేషాలు పంచుకుని పైకి చదువుతాం. సంభాషణ కనక నోట పలకాలి అని రీడరుగారి పట్టుదల. ముసలి గురువు వేషం లెక్కల లెక్చరరుకి ఇచ్చారు, గొంతు బాగుంటుందని. శిష్యుడి వేషం నాకు పడింది, మిగిలినవాళ్ళు ఒప్పుకోలేదని. ఎందుకు ఒప్పుకోలేదో చదవడం మొదలెట్టాక తెలిసింది. ఆ శిష్యుడికి సొంత మాటలు తక్కువ. గురువు ఇంత పొడుగు వాక్యం చెబుతాడు, వీడు ‘అవును’ అంటాడు. ఇంకోటి చెబుతాడు, ‘నిజమే’ అంటాడు. మరోటి చెబితే ‘అంతే’ అంటాడు. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక మగవాడి మాటకి అన్నిసార్లు అవుననడం అదే మొదలు. మా అమ్మ విని ఉంటే గ్రీకువాళ్ళకి దణ్ణం పెట్టేది.

విషం మొక్క గురించి చెప్పే పని నాకు అప్పగించారు. పుస్తకాలు తిరగేసుకుని వెళ్ళి, అది కొత్తిమీర కుటుంబమని, జీలకర్ర, వాము, సోంపు అన్నీ దాని చుట్టాలేనని గొప్పగా చెప్పాను. సరిగ్గా అప్పుడే అయ్యగారి భార్య ఉప్మా పళ్ళేలు తెచ్చారు. పైన దండిగా కొత్తిమీర. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆవిడ కంగారుపడి “ఉప్పెక్కువైందా?” అన్నారు, ఇంకా ఎవరూ నోట్లో పెట్టుకోకుండానే. ఉర్దూ లెక్చరరుగారు ముందుగా ఒక ముద్ద తిని, ఆ మొక్కని తమవాళ్ళు షౌక్రాన్ అంటారని చెప్పారు. “మా తాతగారు హకీమండీ. యునానీ అంటేనే గ్రీకు అని. వన్‌టౌన్‌లో మావాళ్ళు తరతరాలుగా గ్రీకు కొట్టు పెట్టుకుని దగ్గుమందు అమ్ముతుంటే, మీరు దానికోసం పుస్తకాలు తిరగేస్తున్నారు” అని మమ్మల్ని ఏడిపించారు.

లెక్కల లెక్చరరు మాట్లాడిన రోజు నాకు బాగా గుర్తు. ఇక్కడ ‘అతను’ అని రాస్తున్నాను. అచ్చులో ‘ఆయన’ అని రాయడం మర్యాద. కానీ కొంతసేపు అతను అనే రాస్తాను. అతను హనుమాన్ జంక్షన్ దగ్గరి పల్లెటూరి మిషన్ స్కూలు టీచరుగారి కొడుకు. వారమంతా సెంటర్ హాస్టల్లో ఒక గదిలో ఉండి, శనివారం అయ్యగారింటి నుంచి అటే బస్టాండుకి పోయి ఊరెళ్ళేవాడు. సన్నగా, ఎప్పుడూ జేబులో సుద్దముక్కతో ఉండేవాడు. ఆ రోజు ముసలి గురువు వాదంలో సరిసంఖ్యలూ బేసిసంఖ్యలూ వచ్చాయి. అతను అయ్యగారి వరండా గచ్చు మీద మూడు చింతగింజలు పెట్టాడు.

“మూడు ఎప్పటికీ సరిసంఖ్య అవ్వదండీ. సరితనం దాని మీదికొస్తే మూడు పక్కకి తప్పుకోవాలి, లేదా లేకుండా పోవాలి. అంతేగానీ మూడుగా ఉంటూ సరి అవ్వలేదు. ప్రాణం కూడా అంతేనని ఆయన వాదన. చావు మీదికొచ్చినప్పుడు ప్రాణం చావదట, పక్కకి తప్పుకుంటుందట.”

“మరి ఆ తప్పుకున్నది ఎక్కడికి పోతుంది మాష్టారూ?” అన్నాను.

“అది లెక్కల్లో లేదండీ” అన్నాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ సుద్ద అంటిన వేళ్ళ వంక చూస్తూ ఉండిపోయాను.

అసలు గొడవ మేము పైకి చదవడం మొదలెట్టినప్పుడే వచ్చింది. మొదటి వాక్యానికే నా నోట “అవునండీ” అని వచ్చేసింది. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. “అక్కడ అండీ లేదమ్మా.” సరేనని “అవును, మీరు చెప్పింది నిజమే” అన్నాను. “మీరు కూడా లేదమ్మా. సూ అని ఉంది. సూ అంటే నువ్వు.”

రీడరుగారు ఒప్పుకోలేదు. “గురువుగారిని శిష్యుడు నువ్వు అంటాడా? అందులోనూ డెబ్బై ఏళ్ళ మనిషిని, చావబోతున్నవాణ్ణి! తెలుగులో చదివేవాళ్ళు ఆ శిష్యుడు ఒట్టి పొగరుబోతు అనుకుంటారు. రేపు క్లాసులో నన్నూ నువ్వు అంటారు.”

ఉర్దూ లెక్చరరుగారు, తమకి ఆప్, తుమ్, తూ అని మూడున్నా ఏ రోజూ ఇంత రభస కాలేదని, రెండిటికే ఇంతగా కొట్టుకోవడం తెలుగువాళ్ళకే చెల్లిందని అన్నారు. అప్పుడు లెక్కల లెక్చరరు నోరు విప్పాడు. మామూలుగా అతను పెద్దవాళ్ళకి ఎదురు చెప్పే మనిషి కాదు.

“మూలంలో ఒకే గుర్తు ఉన్నప్పుడు మనం రెండు గుర్తులు వాడకూడదండీ. లెక్క మారిపోతుంది. ఆ గురువు శిష్యుల్ని నువ్వు అంటాడు, శిష్యులూ గురువుని నువ్వు అంటారు. రెండు వైపులా సమానం. ఆ సమానం తీసేస్తే వాళ్ళు మాట్లాడుకున్నట్టు ఉండదు, ఈయన పాఠం చెప్పినట్టు, వాళ్ళు రాసుకున్నట్టు ఉంటుంది.”

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు, “మనం దేవుణ్ణి నీవు అంటాం, అమ్మని నువ్వు అంటాం. కలెక్టరుగారిని మీరంటాం. దగ్గరివాళ్ళు ఎవరమ్మా మరి?” దాంతో రీడరుగారు మెత్తబడ్డారు. నువ్వు ఖాయమైంది.

ఆ సాయంత్రం మళ్ళీ మొదటినుంచి చదివాం. అతను కాగితం మీంచి తలెత్తి, “నువ్వేమంటావు?” అని నన్ను అడిగాడు. వాక్యం గ్రీకు గురువుదే. కానీ మా నాన్న పోయాక నన్ను ఏ మగవాడూ అంత నెమ్మదిగా నువ్వేమంటావని అడిగింది లేదు. మా అన్నయ్య నన్ను నువ్వు అనేవాడు గానీ, ఏమంటావు అని అడిగేవాడు కాదు. నేను “నువ్వన్నది నిజమే” అని చదివాను. కాగితంలో తర్వాతి వరస ఎక్కడుందో వెతుక్కున్నాను. అయ్యగారి భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

అయ్యగారింటి నుంచి కాలవ గట్టు మీదుగా కొంత దూరం నడిస్తే వంతెన వస్తుంది. వంతెన దాటాక నేను మా వీధి వైపు తిరగాలి, అతను బస్టాండు వైపు. అప్పటిదాకా ఇద్దరం కలిసి నడిచేవాళ్ళం. మొదట్లో పాఠం గురించే మాటలు. ఒకరోజు జామకాయలమ్మే మనిషి దగ్గర ఆగి, రెండు కొని, ఒకటి నా చేతిలో పెడుతూ అతను “ఇది తియ్యగా ఉంటుందా పచ్చిగా ఉంటుందా, నువ్వేమంటావు?” అన్నాడు, ముసలి గురువు గొంతు పెట్టి. నేను శిష్యుడి గొంతుతో “నువ్వెలా అంటే అలాగే” అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. జామకాయ పచ్చిది, దవడలు నొప్పెట్టాయి.

అలా అలవాటైంది. అయ్యగారి గేటు దాటిన దగ్గర్నుంచి వంతెన దాకా మేము ఏథెన్సు మనుషులం, నువ్వు నువ్వు అనుకోవచ్చు. వంతెన దాటాక మీరు. ఎవరూ పెట్టిన రూలు కాదు, దానంతటదే అలా కుదిరింది. వంతెన అవతల సైకిళ్ళూ రిక్షాలూ, తెలిసినవాళ్ళూ. అక్కడ అతను ఠక్కున “మరి వస్తానండీ” అనేవాడు. నేను “మంచిదండీ, సోమవారం కలుద్దాం” అనేదాన్ని. ఒక్కోసారి వంతెన మధ్యలో మాట ఆగకపోతే అక్కడే నిలబడిపోయేవాళ్ళం, కింద కాలవలో గుర్రపుడెక్క కొట్టుకుపోతుంటే చూస్తూ.

ఆ కొద్ది దూరంలో చాలా చెప్పుకున్నాం. అతని ఉద్యోగం ఏ టర్ము చివర్లోనైనా పోవచ్చు. పర్మనెంటు కావాలంటే రీడరుగారిలాంటి పెద్దల మాట కావాలి. ఇంటి దగ్గర చెల్లెళ్ళున్నారు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, మాది కాదు. ఇవన్నీ అతను నాకు చెప్పాడు. నన్ను ప్రేమిస్తున్నానని మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కానీ నాకు ఏ అనుమానమూ లేదు. అతన్ని పెళ్ళి చేసుకోవాలనుకున్నాను. అన్నయ్య అరుస్తాడు, అమ్మ మంచమెక్కుతుంది, చుట్టాలు నానామాటలూ అంటారు. అననీ. దేనికైనా సిద్ధమే. నాకు కావలసింది ఒక్కటే. అతను వంతెన దాటాక, ఆ సైకిళ్ళ మధ్య, తెలిసినవాళ్ళ ముందు, ఒక్కసారి నన్ను నువ్వు అనాలి. ఆ మాట విన్న రోజు ఇంటికెళ్ళి చెప్పేద్దామనుకున్నాను. ప్రతి శనివారం ఎదురుచూసేదాన్ని. ప్రతి శనివారం అతను వంతెన చివర ఆగి, “మరి వస్తానండీ” అనేవాడు.

చివరికి వంతెన అవతల ఆ మాట అన్నది అతను కాదు, నేను.

ఒక సోమవారం మధ్యాహ్నం, స్టాఫ్ రూములో అందరూ క్యారేజీలు విప్పుకున్న వేళ. అతను పరీక్ష పేపర్లు ముందేసుకుని తల వంచుకు కూర్చున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. ఆదివారం ఊళ్ళో జ్వరం వచ్చిందని పొద్దున ఎవరో అన్నారు. నేను పెరుగన్నం కలుపుకుంటూ ఏ ఆలోచనా లేకుండా గది ఈ చివరి నుంచి ఆ చివరికి అడిగాను.

“తిన్నావా?”

అంతే. నువ్వు అని కూడా అనలేదు. మన భాషలో ఆ మాట అక్కర్లేదు, క్రియ చివర అక్షరమే అన్నీ చెప్పేస్తుంది. ‘తిన్నారా’ అనాల్సింది ‘తిన్నావా’ అన్నాను. రా బదులు వా. ఇంగ్లీషావిడ నా వంక చూసి, అతని వంక చూసి, మళ్ళీ తన క్యారేజీలోకి చూసుకుంది. కామర్సాయన దగ్గాడు. వేరే ఏ మాటన్నా నోరు జారిందని సర్దుకోవచ్చు. ఇంట్లో సొంతవాళ్ళని తప్ప ఎవరూ అలా అడగరు. ఏ అలవాటూ లేకుండా నాలుక మీదికి ఆ ‘వా’ రాదని గదిలో ప్రతివాళ్ళకీ తెలుసు.

నాకు సిగ్గేసింది. కానీ నిజం చెప్పాలంటే ఆ సిగ్గు వెనకాలే సంతోషం కూడా వచ్చింది. పోనీలే, వంతెన నేనే దాటాను, ఇక అతను జవాబు చెబితే అయిపోతుంది అనుకున్నాను. ‘లేదు, నువ్వు తిన్నావా’ అంటే చాలు. అంత అక్కర్లేదు, ‘తిన్నావా’ అని తిప్పి అడిగినా చాలు.

అతను తలెత్తలేదు. “ఇంకా లేదండీ” అన్నాడు. పేపర్లు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా అందరూ చెవులు కొరుక్కున్నారు. ఎవరూ నా మొహం మీద ఏమీ అనలేదు, నా నోటికి భయపడి. అతన్ని మాత్రం రీడరుగారు పిలిపించి తలుపేసుకుని మాట్లాడారని తెలిసింది. ఏం మాట్లాడారో నాకు తెలీదు, ఈ రోజుకీ తెలీదు. సెంటర్ వరండాలో ఎదురుపడితే అతను నాతో కొత్త రకం తెలుగు మాట్లాడడం మొదలుపెట్టాడు. నువ్వూ ఉండదు, మీరూ ఉండదు. “ల్యాబు అయిందా?” “బస్సు దొరికిందా?” “శనివారం రావడం ఉంటుందా?” ఎదురుగా మనిషే లేనట్టు, పనులు వాటంతటవే జరిగిపోతున్నట్టు. అత్తగారికి కోపమొచ్చినప్పుడు కోడలితో మాట్లాడే తెలుగు అది. మీరు అన్నా ఇంత మండేది కాదు.

శనివారం అయ్యగారి వరండాలో అందరం కూర్చున్నాం. పని దాదాపు పూర్తయింది, విషం గిన్నె తేవడం దాకా వచ్చాం. అయ్యగారు పుస్తకం తెరవబోతుంటే అతను గొంతు సవరించుకున్నాడు.

“ఒక్క మాటండీ. ఈ అనువాదంలో మొదటినుంచీ నువ్వు అని ఉన్నచోటల్లా మీరు చేద్దామని నా ప్రతిపాదన. ఆలోచిస్తే రీడరుగారు చెప్పిందే సబబనిపిస్తోంది. తెలుగు పాఠకుడికి ఎబ్బెట్టుగా ఉంటుంది.”

అతను నా వైపు చూడడం లేదు, గచ్చు వైపు చూస్తున్నాడు. చింతగింజలు పెట్టిన చోటే.

“ఎబ్బెట్టు ఎవరికండీ?” అన్నాను.

“పాఠకుడికి.”

“పాఠకుడు ఇంకా పుట్టలేదు. ఉన్నది మనం అయిదుగురం. రెండు వైపులా సమానం, తీసేస్తే లెక్క మారిపోతుందన్నారు. ఆ లెక్క చెప్పింది ఎవరండీ? నేనా? మూలంలో ఒకే గుర్తుందన్నారు. ఈ వారంలో గ్రీకువాళ్ళు లేచొచ్చి మార్చుకున్నారా?”

“అప్పుడు సరిగ్గా ఆలోచించలేదండీ.”

ఆ ‘అండీ’ వింటుంటే చెంప మీద కొట్టినట్టుంది. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. జామకాయ కొన్నప్పుడు కూడా ఆలోచించలేదా? వంతెన మీద చీకటిపడేదాకా నిలబెట్టినప్పుడు? కానీ ఆ వరండాలో గ్రీకు అనువాదం గురించి మాత్రమే మాట్లాడడానికి వీలుంది. నన్ను వద్దనడానికి అతనికి అంతకంటే మంచి చోటు దొరకదు. అందరి ముందూ, పెద్దల సమక్షంలో, ఒక్క ముక్క నా గురించి ఎత్తకుండా, నాకు మాత్రమే అర్థమయ్యే భాషలో చెప్పాడు. భయం మీదికి రాగానే ఆ చింతగింజల్లాగే పక్కకి తప్పుకున్నాడు.

ఉర్దూ లెక్చరరుగారు నెమ్మదిగా “ఉన్నది ఉన్నట్టు ఉంచితేనే బాగుంటుందేమో” అన్నారు. రీడరుగారు, రచన పదిమందిలోకి వెళ్ళాలంటే మర్యాద తప్పకూడదన్నారు. అయ్యగారు అతని వంక చూసి, “నీ ఇష్టం నాయనా, నువ్వే కదా గురువు వేషం” అన్నారు. ఆ సాయంత్రమంతా అతను కాగితాల మీద ఎర్రసిరాతో నువ్వులు కొట్టేసి మీరులు రాస్తూ కూర్చున్నాడు. క్రియల చివర్లు కూడా మార్చాలి కదా. అన్నావు, అన్నారు. విన్నావు, విన్నారు. చెప్పావు, చెప్పారు. సిరా నా మోచేతి దాకా పాకినట్టనిపించింది. నా శిష్యుడికి కొత్తగా అండీలు తగిలించారు. అవునండీ. నిజమేనండీ. అంతేనండీ.

ఇక్కడినుంచి నేనూ ఆయన అని రాస్తాను. ఆయన ఆ రోజు బస్సు తప్పిపోతుందని ముందే వెళ్ళిపోయారు. నేను లేవలేకపోయాను. అయ్యగారు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, “ప్రార్థన చెయ్యనామ్మా?” అని అడిగారు. మాకు అలవాటు లేదు, అయినా తల ఊపాను. తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ మనసు నీకు తెలుసు ప్రభువా, నీవు ఈమె పక్కనుండు, నీవు ఈమెను విడువకు అన్నారు. అయ్యగారు నీవు అన్నప్పుడల్లా నాకు వెక్కిళ్ళు వచ్చాయి. లోపల్నుంచి అయ్యగారి భార్య తువ్వాలు తెచ్చిచ్చి, ఏమీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం వంతెన ఒక్కదాన్నే దాటాను. గుర్రపుడెక్క ఉందో లేదో చూడలేదు.

తర్వాతి టర్ములో ఆయనకి వేరే ఊళ్ళో, వేరే కాలేజీలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. మా అనువాదాన్ని రీడరుగారు సైక్లోస్టైల్ చేయించి అందరికీ పంచారు. నాకిచ్చిన కాపీ మా వదిన అటక మీద పెట్టింది, నేనే పెట్టమన్నాను. ఆ తర్వాత వచ్చిన సంబంధాలకి వంకలు పెట్టడం కూడా మానేశాను, చూడ్డానికి రావద్దని ముందే చెప్పేసేదాన్ని. అమ్మ చాలా ఏడ్చింది. కారణం చెప్పమంది. కారణం ఒక అక్షరమని చెబితే పిచ్చిపట్టిందనుకునేది.

దశాబ్దం చివర్లో అయ్యగారు పోయారు. కాలవ గట్టు ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. వరండాలో షామియానా, బెంచీలు, లోపల ఆయన ఫోటోకి పూలు. రీడరుగారు రిటైరై కర్ర పట్టుకుని వచ్చారు. ఉర్దూ లెక్చరరుగారు వచ్చి కూర్చుని కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. నీవిచ్చితివి, నీవు తీసుకొంటివి అని కొత్త పాస్టరు గట్టిగా చెబుతుంటే, దగ్గరివాళ్ళు ఎవరమ్మా అన్న అయ్యగారి గొంతు నాకు వినిపించింది.

టీలు ఇస్తున్నప్పుడు లెక్కలాయన కనిపించారు. కాస్త ఒళ్ళు చేశారు. పక్కన భార్య. ఎర్రంచు మంగళగిరి చీర, ఏడో నెలో ఎనిమిదో. ఆయన ఆవిడ మోచెయ్యి పట్టుకుని, “నువ్విక్కడ కూర్చో, ఎండ తగలదు. నీళ్ళు తేనా? నువ్వు పొద్దున్నుంచీ ఏం తిన్లేదు” అన్నారు. ఎంత తేలిగ్గా వచ్చాయో ఆ మాటలు. అంతమంది మధ్య, అందరూ వింటుండగా. ఆవిడ “మీరు కూడా తినలేదుగా” అంది. ఇటు నువ్వు, అటు మీరు. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే. అయినా ఆ క్షణంలో నా మీదికి వచ్చిన ఏడుపుని టీ కప్పు అడ్డం పెట్టుకుని ఎలా మింగానో నాకే తెలుసు.

తర్వాత ఆయన నన్ను చూశారు. లేచి నిలబడ్డారు. “బాగున్నారా మీరు? కూర్చోండి, కూర్చోండి.” నేను కూర్చున్నాను. ఆవిడకి నన్ను పరిచయం చేశారు, పాత కొలీగ్ అని. ఆవిడ మొహం విప్పారింది. కల్లాకపటం తెలియని మనిషి.

“మీరంతా ఈ వరండాలోనే కూర్చుని గ్రీకు చదివేవాళ్ళటగా! ఈయన్ని ఎన్నిసార్లడిగినా ఒక్క ముక్క చెప్పరండీ, మర్చిపోయానంటారు. మీకు గుర్తుందా? ఒక్క మాట చెప్పండి, విందాం.”

నాకు గుర్తున్న గ్రీకు మాట ఒక్కటే. కప్పు కింద పెట్టి, ఆయన వైపు చూసి అన్నాను.

“సూ.”

“సూ అంటే ఏంటండీ?”

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నారు.

“మీరు అని” అన్నారు భార్యతో.

ఆవిడ నవ్వుతూ నా వైపు తిరిగింది, నిజమేనా అన్నట్టు. ఆయన గచ్చు వైపు చూస్తున్నారు. ఆ వరండాలో శిష్యుడి వేషం ఎప్పుడూ నాదే.

“అంతేనండీ” అన్నాను.